తలుపంత నీళ్ళు

జనవరి పంతొమ్మిది. మైనస్ ఇరవై మూడు.
ఫెర్రీ ఆగిపోయి ఎనిమిది రోజులు.
ఇంజన్ గదిలో నాకు పని లేదు,
గ్రీజు మరకల చేతులు జేబుల్లో ఊరికే ఉన్నాయి.

రాత్రిళ్ళు కుర్షియు మడుగు గడ్డకడుతూ అరుస్తుంది.
ఎవరో పొడుగాటి ఇనుపతీగను లాగి వదిలినట్టు.
నిద్రలో కూడా తెలిసిపోతుంది,
ఇంకొంచెం మూసుకుందని.

పొద్దున్నే ఉగ్నే వచ్చింది.
మా లిథువేనియన్‌లో ఆ పేరుకి నిప్పని అర్థం.
తొమ్మిదేళ్ళ నిప్పు, ఊలు టోపీ కింద ఎర్రటి ముక్కు.
"హంస అతుక్కుపోయింది, కదలట్లేదు," అంది రొప్పుతూ.
చేతిలో ఫ్లాస్కు. వేడినీళ్ళట, పోయడానికి.

జిగ్మస్ తాత రంపం భుజాన వేసుకుని ముందు నడిచాడు,
గునపంతో మంచుని పొడిచి, విని, మళ్ళీ పొడిచి,
అప్పు అడగొచ్చినవాడు గుమ్మం ముందు దగ్గినట్టు.

హంస ఉంది. తెలుపు మీద తెల్లగా.
మెడ మడిచి రెక్కలో దాచుకుని,
కాళ్ళు పొట్ట కిందికి లాక్కుని.
తాత చెయ్యి అడ్డం పెట్టాడు.
"అతుక్కోలేదు. పొదుపు చేస్తోంది.
మనం దగ్గరికెళ్తే బెదిరి లేస్తుంది.
వారం దాచుకున్న కొవ్వు
ఒక్క భయానికి ఖర్చయిపోతుంది."

ఉగ్నే ఫ్లాస్కు మూత బిగించింది.
సాయం చెయ్యకుండా నిలబడటం
ఆ పిల్ల నేర్చుకుంటుంటే
పక్కనే, యాభై దాటి, నేనూ నేర్చుకున్నాను.

రెల్లు పక్కన, నీళ్ళు నడుం దాకా ఉండే చోట కోశాం.
పెట్రోలు పొగ, మొహాల నిండా మంచుపొడి.
సరిగ్గా ఒక తలుపంత పలక.
పైకి లాగడం మా ముగ్గురి వల్లా కాదు.
ఒక అంచు తొక్కి, గునపంతో నెట్టి
మంచు కిందికే జార్చేశాం,
తాళం వేసిన ఇంట్లోకి ఉత్తరం తోసినట్టు.
నల్లటి నీళ్ళు. ఆవిరి.

బేకరీ బిరూతె సంచెడు నిన్నటి రొట్టె మోసుకొచ్చింది.
"కడుపైతే నిండుతుందమ్మా, సత్తువ రాదు," అన్నాడు తాత.
ఆమె మొహం చిన్నబోయింది. ఏమీ అనకుండా వెళ్ళి
తరిగిన క్యాబేజీ, కోళ్ళకుంచిన బార్లీ తెచ్చింది.
రొట్టె మేమే తిన్నాం, నిలబడి.

అప్పుడు చూసింది ఉగ్నే, రెల్లు మొదట్లో
ఒక బొల్లికోడి.
ఇది నిజంగానే చిక్కుకుంది.
తోక, ఒక రెక్క అంచు మంచుకి కుట్టేసినట్టు.
నుదుట తెల్లమచ్చ, ఎర్రటి కన్ను.
మమ్మల్ని తిట్టడానికి నోరు తెరిచింది, గొంతు రాలేదు.
ఉగ్నే ఫ్లాస్కు చాపింది.
"ఇక్కడొద్దు. ఈ గాలికి ఇంకో పొర కడుతుంది."

చుట్టూ ఉలితో చెక్కి, మంచుముక్కతో సహా
నా కోటులో చుట్టి తీసుకొచ్చాం, ఇంజన్ గదికి.
పొయ్యి వెలిగించబోతే తాత వద్దన్నాడు.
అట్టపెట్టె, పాత తువ్వాలు, చీకటి.
ఉగ్నే వేలు ముంచి చూసి, చన్నీళ్ళు కలిపి,
మళ్ళీ ముంచి చూసి,
తోక దగ్గర కొంచెం కొంచెం పోసింది.
మంచు వదిలింది.
బొల్లికోడి మొదట చేసిన పని
నా లాగ్‌బుక్కు మీద రెట్ట వెయ్యడం.
ఎనిమిది రోజులుగా అందులో రాయడానికేమీ లేదు,
తుడవలేదు.

తలుపు రాత్రికి రాత్రే మూసుకుపోతుంది.
వంతులు వేసుకున్నాం. పన్నెండింటికి నేను,
మూడింటికి తాత, మోకాలు సహకరిస్తే,
బడికి ముందు ఉగ్నే, వాళ్ళమ్మతో.
గునపం చప్పుడుకి పక్షులన్నీ దూరం జరుగుతాయి.
నేను వెనక్కి తిరిగాకే
నీళ్ళలోకి దిగిన చప్పుడు వినిపిస్తుంది.
అది విని వెళ్ళి పడుకుంటాను.

మూడో రోజు పొద్దున హంస అక్కడ లేదు.
కూర్చున్న చోట చాటంత గుంట,
ఒంటి వేడికి కరిగి, మళ్ళీ బిగిసి.
ఉగ్నే చేతితొడుగు తీసి అరచెయ్యి అందులో పెట్టింది.
"చల్లగానే ఉంది," అంది.

తలుపు దగ్గర ముప్పైయెనిమిది లెక్కపెట్టాం.
బొల్లికోళ్ళు, బాతులు, మూడు హంసలు.
ఆ మూడింట్లో మాది ఉందో లేదో
దగ్గరికెళ్ళి చూడలేదు.